టీవీలో కస్టమ్ బండ్ల షోలు: వారంలో బండి నిజంగా తయారవుతుందా?

ప్రశ్న: డిప్లొమా మెకానికల్ చివరి ఏడాదిలో ఉన్నాను. అమెరికన్ చాపర్, ఓవర్‌హాలిన్, వీలర్ డీలర్స్ లాంటి షోలు ఒక్కటీ వదలకుండా చూస్తాను. వాటిలో చూపించేదంతా నిజమేనా? చూసి పని నేర్చుకోవచ్చా? బండ్లను కొత్త రూపంలో కట్టే షెడ్డు సొంతంగా పెట్టాలని ఉంది. నాన్నగారు మాత్రం అవన్నీ టీవీ నాటకాలని కొట్టిపారేస్తున్నారు.

సమాధానం:

నా కొడుకు ఈడువాడివి కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను. నేను 1996లో విజయవాడ ఆటోనగర్‌లో టింకరింగ్, అంటే బండ్ల రేకు సొట్టలు తీసి సరిచేసే పనికి కుదిరాను. అప్పుడు నాకు పదహారేళ్లు. లారీ క్యాబిన్లతో మొదలుపెట్టి పాత కార్లు, మోటారు సైకిళ్లు బాగుచేసే దాకా వచ్చాను. ఇప్పుడు సొంత షెడ్డు ఉంది. మీ నాన్నగారు చెప్పిన దాంట్లో సగం నిజం ఉంది. మిగతా సగం కోసమే ఇంత పొడుగున రాయాల్సి వస్తోంది.

ముందు ఆ షోలు మాకేం ఇచ్చాయో చెప్పాలి. 2005 ప్రాంతంలో మా మేస్త్రీ గారి ఇంట్లో కేబుల్ ఉండేది. రాత్రి పని ముగించి, చేతులు కిరోసిన్‌తో తుడుచుకుని, వాళ్ల వసారాలో కూర్చుని డిస్కవరీలో అమెరికన్ చాపర్ చూసేవాళ్లం. ఒక తండ్రీ కొడుకూ తమ షెడ్డులో మోటారు సైకిళ్లు కట్టే షో అది. ఇంగ్లీషు మాలో ఎవరికీ రాదు. దాని అవసరమూ పడలేదు. తెర మీద ఒకతను రేకు ముక్కను వంచి, ట్యాంకుకి ఆనించి చూసి, కుదరక తీసేసి, మళ్లీ అంచు అరగదీస్తూ ఉంటే, "లోపలి అంచు పట్టేస్తోంది, అక్కడ తియ్యాలి" అని మా మేస్త్రీ గారు టీవీకి చెప్పేవారు. న్యూయార్క్ రాష్ట్రంలో ఎక్కడో ఉన్న ఆ మనిషి సరిగ్గా అక్కడే తీసేవాడు. అందరం ఒక్కసారిగా అరిచేవాళ్లం.

ఆ సంతోషం నీకు అర్థం కావాలంటే అప్పటి మా పరిస్థితి తెలియాలి. నాకు పెళ్లి సంబంధాలు చూస్తున్న రోజుల్లో మా పెదనాన్న "అబ్బాయి ఆటోనగర్‌లో కంపెనీలో చేస్తాడు" అని చెప్పేవాడు. టింకరింగ్ అనే మాట ఆయన నోట వచ్చేది కాదు. సుత్తి పట్టుకునేవాడు చదువు అబ్బక ఇటు వచ్చాడనే లెక్క. అలాంటిది, ఒంటి నిండా నూనె మరకలతో, గోళ్లలో మసితో ఉన్న మనుషులను మధ్యలో పెట్టి, వాళ్ల చేతులనే దగ్గరగా చూపిస్తూ గంటసేపు కార్యక్రమం నడవడం మాకు కొత్త. కథానాయకుడు వెల్డర్. అతని ఎదురుగా ఉన్న చిక్కు ఒక బ్రాకెట్. ఆ బ్రాకెట్ కుదురుతుందా లేదా అని లక్షల మంది ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. ఆ షోల మీద ఎన్ని ఫిర్యాదులున్నా ఈ ఒక్క విషయంలో వాటికి రుణపడి ఉన్నాను.

ఇంకో ఆకర్షణ కూడా ఉంది. చాలా ఉద్యోగాల్లో చేసిన పని కంటికి కనిపించదు. పొద్దున మొదలైంది సాయంత్రానికి ఎక్కడ తేలిందో చెప్పడం కష్టం. ఈ షోలలో తుప్పు పట్టిన డొక్కు లోపలికి వస్తుంది, తళతళలాడే బండి బయటికి వెళుతుంది. ఆఫీసు నుంచి అలసిపోయి వచ్చిన మనిషికి అది కంటికి విందు. ఓవర్‌హాలిన్‌లో కార్ల రూపం దిద్దే చిప్ ఫూస్ పెన్సిలు పట్టుకుని కాగితం మీద కారు గీత గీసే ఘట్టం నాకు ఇప్పటికీ ఇష్టం. పైకప్పు ఎత్తు కాస్త తగ్గిస్తాడు, చక్రాల చుట్టూ ఖాళీ తగ్గిస్తాడు, బంపరును లోపలికి జరుపుతాడు. నాలుగు గీతల్లో పాత కారు కొత్తగా కనిపిస్తుంది. కొత్త భాగాలు తగిలించడం కన్నా ఉన్న గీతలను సరిచెయ్యడమే గొప్ప పని అని నాకు మొదట తెలిసింది ఆయన్ని చూసే.

ఇక లోటు దగ్గరికి వద్దాం. అది అబద్ధం చెప్పడం కన్నా, కత్తిరించడంలో ఎక్కువ ఉంది. వాళ్లు కత్తిరించేది కాలాన్ని.

2002లో వచ్చిన మాన్‌స్టర్ గ్యారేజ్ తీసుకో. జెస్సీ జేమ్స్ నడిపిన షో. నియమం ఏమిటంటే 7 రోజులు, విడిభాగాలకు 3,000 డాలర్లు. మొదటి రోజు ఆలోచన, తర్వాత 5 రోజులు పని, ఏడో రోజు పరీక్ష. ఫోర్డ్ మస్టాంగ్ కారును గడ్డి కోసే యంత్రంగా మార్చారు, ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ కారును చెత్త బండిగా మార్చారు. చూడటానికి అద్భుతం. కానీ ఒక్కసారి లెక్క కట్టు. అయిదుగురు పనివాళ్లు, 5 రోజులు, రోజుకు 14 గంటలు అనుకున్నా 350 గంటలు. మన షెడ్డులో ఒక మనిషి రోజుకు 8 గంటలు చేస్తే దాదాపు 44 పనిదినాలు. పైగా ఆ అయిదుగురూ ఒక్కొక్క పనిలో ఆరితేరినవాళ్లు, కావలసిన యంత్రమంతా చేతికి అందే దూరంలో ఉంది, ఆ వారం వాళ్లకి వేరే పని లేదు. కూలి ఆ 3,000 డాలర్లలో లేదు. ఇవేవీ దాచలేదు. కానీ చూసేవాడి మనసులో చివరికి మిగిలేది "వారం, 3,000 డాలర్లు" అన్న రెండు ముక్కలే. నా దగ్గరికి వచ్చే కుర్రాళ్లు ఆ రెండే పట్టుకుని వస్తారు.

ఓవర్‌హాలిన్‌లోనూ అంతే. యజమానికి తెలియకుండా కారు మాయం చేసి, వారం రోజుల్లో కొత్తగా చేసి ఇస్తారు. అదే చిప్ ఫూస్ డెట్రాయిట్ ఆటోరామా అనే కార్ల ప్రదర్శనలో ఇచ్చే రిడ్లర్ పురస్కారం ఒకటికి మించిన సార్లు గెలిచాడు. ఆ స్థాయి కార్లు వారాల్లో కావు, ఏళ్లు పడతాయి. చెయ్యి అదే అయినా ఒకటి టీవీ కోసం, ఒకటి తన పేరు కోసం. రెండింటికీ మధ్య ఉన్న తేడా అంతా కాలమే.

ఆ కాలంలో ఏం జరుగుతుందో నా సొంత తప్పు ఒకటి చెబుతాను. 2009లో ఒక పెళ్లివారు పాత ఫియట్ తెచ్చారు. పెళ్లికొడుకు తాతగారి కారు. పెళ్లికి ఎనిమిది రోజులు ఉంది, ఊరేగింపు అందులోనే అన్నారు. కుదరదనాలి. కానీ ఆ షోలు చూసిన ఊపు నాలో ఉంది. రాత్రింబవళ్లు చేశాం. సొట్టలు తీశాం, లప్పం పెట్టాం, ప్రైమరు కొట్టాం. ప్రైమరు పైకి ఆరినట్టే ఉంది. లోపల ఇంకా తడి ఉందని తెలిసీ పైన రంగు వేశాం, పాలిష్ పెట్టాం. పెళ్లిరోజు అద్దంలా మెరిసింది. ఆ ఫోటోలు ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి. రెండు నెలలు తిరగకుండానే డోరు మీద ఎమరీ కాగితం గీతలన్నీ పైకి తేలాయి. లోపల చిక్కుకున్న థిన్నరు మెల్లగా ఆవిరవుతూ పోయేకొద్దీ పైపొర కుంగుతుంది, కింద ఉన్న ప్రతి గీతా పైకి అచ్చు పడుతుంది. రెండు డోర్లూ, బానెట్టూ రేకు దాకా గీకి మళ్లీ మొదటినుంచీ చేశాను. డబ్బు తీసుకోలేదు. టీవీలో ఆ కారు కథ పెళ్లిరోజుతోనే ముగిసి ఉండేది. కెమెరా రెండు నెలల తర్వాత మళ్లీ రాదు.

దీని తర్వాత డబ్బు లెక్క. వీలర్ డీలర్స్ బ్రిటన్‌లో 2003లో మొదలైంది. నా దృష్టిలో ఈ రకం షోలలో పనిని అందరికన్నా నిజాయితీగా చూపించింది అదే. మైక్ బ్రూవర్ పాత కారు కొంటాడు, నారింజ రంగు చేతితొడుగులు వేసుకుని ఎడ్ చైనా బాగుచేస్తాడు. బోల్టు ఎందుకు విరిగింది, బుష్ ఎలా అరిగింది, కొత్తది ఎలా నొక్కి ఎక్కించాలి అని నింపాదిగా చెప్తాడు. నేను యూట్యూబ్‌లో ఆయన పాత భాగాలు మా కుర్రాళ్లకు చూపిస్తూ ఉంటాను. కానీ చివర్లో కొన్న ధర, విడిభాగాల ఖర్చు తీసేసి లాభం ఇంత అని చెప్పేటప్పుడు ఎడ్ చైనా పడ్డ కష్టానికి కూలి అందులో ఉండదు. షెడ్డు అద్దె ఉండదు, కరెంటు బిల్లు ఉండదు. ఆ లెక్కతో షెడ్డు పెడితే ఆరు నెలల్లో మూసుకోవాలి.

ఆ షోకి తర్వాత ఏం జరిగిందో చూడు. 2017లో ఎడ్ చైనా బయటికి వచ్చేశాడు. షెడ్డులో పనిని వివరంగా తియ్యడం కష్టమని, ఆ భాగం తగ్గించాలని నిర్మాతల వైపు నుంచి ఒత్తిడి వచ్చిందని, దానికి తాను ఒప్పుకోలేనని ఆయనే వీడియో పెట్టి చెప్పాడు. నాకు ఆ రోజు నిజంగా బాధ కలిగింది. ఆ షోలో బంగారం ఏదో, దాన్నే బరువు అనుకున్నారు.

పింప్ మై రైడ్ గురించి ఎక్కువ చెప్పను. డొక్కు కార్లకు హంగులు దిద్దే షో, 2004 నుంచి 2007 దాకా ఎమ్‌టీవీలో వచ్చింది. డిక్కీలో టీవీలు, సీట్ల వెనక వీడియో గేములు. 2015లో అందులో పాల్గొన్న కొందరు పత్రికలతో మాట్లాడుతూ, కారు నెలల తరబడి షో వాళ్ల దగ్గరే ఉండిపోయిందని, కెమెరా ముందు పెట్టిన కొన్ని వస్తువులను తర్వాత తీసేశారని, అసలు ఇంజను సమస్యలు అలాగే మిగిలాయని చెప్పారు. బండికి రంగుకన్నా ముందు బ్రేకు కావాలి. అంతకన్నా దాని మీద నాకు చెప్పాల్సింది లేదు.

అమెరికన్ చాపర్ మీద మాత్రం చెప్పాల్సింది చాలా ఉంది, ఎందుకంటే దాన్ని అంతగా ప్రేమించాను. మొదట్లో అది బండి కథ. 2001 సెప్టెంబరు 11న న్యూయార్క్‌లో చనిపోయిన 343 మంది అగ్నిమాపక సిబ్బంది జ్ఞాపకంగా వాళ్లు కట్టిన ఎర్రటి ఫైర్ బైక్ ఉంది కదా, అది చూసినప్పుడు మా మేస్త్రీ గారు ఒక్క మాట కూడా మాట్లాడలేదు. రానురాను అది తండ్రీకొడుకుల గొడవ కథ అయిపోయింది. పాల్ ట్యూటుల్ సీనియర్ అరుపులు, జూనియర్ ఎదురు అరుపులు, విసిరేసిన కుర్చీ. 2008లో కొడుకు ఆ షెడ్డు నుంచి బయటికి వెళ్లాడు. 2010లో ఇద్దరూ వేర్వేరు షెడ్లలో పోటీ పడటమే షోగా వచ్చింది. బండి పక్కకి పోయి మనిషి కోపం ముందుకు వచ్చింది.

తండ్రీకొడుకుల మధ్య గొడవ నిజమైనదే అయి ఉండొచ్చు. నా అభ్యంతరం అది పనిలో భాగమని కుర్రవాళ్లు అనుకోవడం మీద. గ్రైండరు తిరుగుతున్న చోట అరిస్తే చెయ్యి జారుతుంది. మా మేస్త్రీ గారికి ఎంత కోపం వచ్చినా మిషన్ ఆపాకే నోరు తెరిచేవారు. నేనూ అదే పాటిస్తున్నాను. "రేపటికల్లా ఇవ్వాలి" అన్న గడువు కూడా అంతే. టీవీలో అది ఉత్కంఠ. షెడ్డులో అది తెగిన వేలు.

నిప్పురవ్వలు కూడా గమనించు. ప్రతి షోలో కోసేటప్పుడు, వెల్డింగ్ చేసేటప్పుడు రవ్వలు చిమ్ముతూ ఉంటాయి. కెమెరాకి అవి అందం. నా పని రోజులో రవ్వలు రేగేది గంటో గంటన్నరో. మిగతాదంతా కొలవడం, గుర్తు పెట్టడం, అట్టముక్కతో నమూనా కత్తిరించడం, ఆకురాయితో రుద్దడం, పెట్టి చూసి తియ్యడం. చప్పుడు లేని పని. నేర్చుకోవాల్సింది అంతా అక్కడే ఉంది. టీవీ కత్తిరించేదీ అదే.

ఇప్పుడు ప్రమాదం ఉన్న చోటుకి వస్తాను. చాపర్ అంటే ముందు ఫోర్కు పొడుగ్గా చాచి ఉండే బండి కదా. మామూలు బండికి హ్యాండిల్ మెడ వాలు నిలువుకి 25 నుంచి 30 డిగ్రీల దాకా ఉంటుంది. చాపర్లకు 40 డిగ్రీలు కూడా దాటుతుంది. ఆ మెడ మధ్యగా ఒక గీతను నేల దాకా పొడిగించు. ముందు టైరు నేలని తాకే చోటు ఆ గీతకి కాస్త వెనకగా ఉంటుంది. ఆ రెండింటి మధ్య దూరాన్ని ట్రెయిల్ అంటారు. బండి తిన్నగా వెళ్లేది దాని వల్లే. వాలు పెంచితే ట్రెయిల్ కూడా పెరుగుతుంది. హైవేలో తిన్నగా దూసుకుపోతుంది గానీ, సందులో మలుపు తిప్పబోతే హ్యాండిల్ బరువెక్కి ఒక పక్కకి పడిపోతుంది. అందుకే చాపర్లు కట్టేవాళ్లు ఫోర్కు బిగించే త్రికోణపు ప్లేట్ల దగ్గర కోణం సరిచేసి ట్రెయిల్‌ను అదుపులో పెడతారు. ఈ లెక్క షోలో ఎప్పుడైనా అర నిమిషం వినిపించిందా? నాకు గుర్తులేదు.

నా దగ్గరికి ఒకసారి బుల్లెట్ తెచ్చారు. ఎవరో ఫోర్కు గొట్టాలకు ఎనిమిది అంగుళాల ముక్క వెల్డింగ్ చేసి పొడిగించారు. మెడ దగ్గర ఏమీ మార్చలేదు. ముందు భాగం పైకి లేచి ఉంది. అతుకు దగ్గర వేలు పెట్టి చూస్తే వెంట్రుకంత సన్నని చీలిక తగిలింది. బ్రేకు నొక్కిన ప్రతిసారీ బండి బరువంతా వచ్చి పడేది ఆ చీలిక మీదే. ఆ అబ్బాయి దాని మీదే ఏలూరు వెళ్లి వచ్చాడు. నేను బండి తిరిగి ఇవ్వలేదు. వాళ్ల నాన్నని పిలిపించి, కంపెనీ ఫోర్కు తెప్పించి వేశాకే ఇచ్చాను.

చట్టం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో సొంతంగా కట్టిన బండికి వేరే పద్ధతిలో రిజిస్ట్రేషన్ చేయించుకునే దారి ఉంది. ఆ షోల పునాదే అది. మన దగ్గర 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీ కంపెనీ మొదట పేర్కొన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది తెచ్చిన సవరణ ప్రకారం, అనుమతి లేని మార్పు ఒక్కొక్కదానికి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. రంగు మార్చినా ఆర్‌సీలో నమోదు చేయించుకోవాలి. షోలలో ఈ ఊసే ఉండదు, ఎందుకంటే అవి మన రోడ్ల కోసం తీసినవి కావు. ఆ కారణంగానే నేను కొత్త రూపాలు కట్టడం కన్నా పాత బండిని దాని మొదటి రూపానికి తేవడం వైపు మళ్లాను. పని తక్కువేమీ కాదు. నిజానికి ఎక్కువ. పైగా రోడ్డు మీద తల ఎత్తుకుని నడపొచ్చు.

కొత్త ఆకారాలు కట్టాలన్న కోరిక చంపుకోమని దీని అర్థం కాదు. హైదరాబాద్ వెళ్లినప్పుడు బహదూర్‌పురాలో, జూ పార్కుకి దగ్గరలో ఉన్న సుధా కార్స్ మ్యూజియం తప్పకుండా చూడు. కె.సుధాకర్ అనే ఆయన క్రికెట్ బంతి, వంకాయ, బూటు, కెమెరా ఆకారాల్లో నడిచే కార్లు కట్టి 2010లో దాన్ని తెరిచారు. ఎక్కువ భాగం పాత ఇనుముతోనే కట్టారు. 2005లో ఆయన కట్టిన పెద్ద మూడు చక్రాల సైకిల్ గిన్నిస్ రికార్డుల్లోకి ఎక్కింది. ఏ టీవీ గడువూ లేకుండా, తన తీరికలో తాను కట్టుకున్న బండ్లు అవి. నేను అక్కడ పూట గడిపాను. వంకాయ కారు వంపుల దగ్గర రేకు ముక్కలను ఎలా కలిపారా అని వంగి వంగి చూస్తుంటే కాపలా మనిషి వచ్చి ఏం పోయింది సార్ అని అడిగాడు.

చూసి నేర్చుకోవచ్చా అని అడిగావు. వచ్చు, ఎంచుకుని చూస్తే. టీవీ వదిలేసి యూట్యూబ్‌లో ప్రాజెక్ట్ బింకీ చూడు. ఇంగ్లండ్‌లో ఇద్దరు మనుషులు పాత మినీ కారులో టయోటా సెలికా జీటీ ఫోర్ ఇంజనునూ, నాలుగు చక్రాలనూ తిప్పే దాని వ్యవస్థనూ ఇమిడ్చే పని 2013లో మొదలుపెట్టారు. ఏళ్ల తరబడి సాగింది. అరగంట భాగమంతా ఒకటి రెండు బ్రాకెట్లతోనే గడిచిపోయిన సందర్భాలు ఉన్నాయి. అట్టముక్క కత్తిరిస్తారు, రేకు మీద గీస్తారు, కోస్తారు, వంచుతారు, పెట్టి చూస్తారు, కుదరకపోతే పక్కన పెట్టి కొత్తది మొదలుపెడతారు. ఆ పక్కన పెట్టిన ముక్కను కూడా చూపిస్తారు. అందుకే వాళ్లంటే నాకు గౌరవం.

పాత షోలు చూస్తే ధ్వని ఆపేసి చూడు. మొహాలు వదిలేసి చేతులు చూడు. వెల్డింగ్ టార్చి ఏ కోణంలో పట్టాడు, ఎంత వేగంతో జరిపాడు, సుత్తి కింద ఏ దిమ్మ పెట్టాడు, రేకుని లోపలి నుంచి కొట్టాడా బయటి నుంచి కొట్టాడా. ఆపి, వెనక్కి తిప్పి చూడు. కారు మెరిసే చివరి అయిదు నిమిషాలు చూడకపోయినా నష్టం లేదు.

షెడ్డు ఇప్పుడే వద్దు. డిప్లొమా పూర్తిచెయ్యి. తర్వాత ఎవరైనా మంచి మేస్త్రీ దగ్గర రెండు మూడేళ్లు చెయ్యి. మొదటి ఆరు నెలలు లప్పం రుద్దడమే ఉంటుంది, విసుగు వస్తుంది, వేళ్ల చివర్లు నున్నగా అరిగి ఫోన్ వేలిముద్ర కూడా తీసుకోదు. అది దాటాక నీ అరచేతికే సొట్ట తెలుస్తుంది, కంటికన్నా ముందు. మీ నాన్నగారిని కూడా ఒకసారి షెడ్డుకి తీసుకురా. టీవీ గురించి ఆయనతో వాదించకు. సొట్ట పడ్డ రేకు సమం అవుతున్నప్పుడు ఆయన పక్కన నిలబడి ఉంటే చాలు.

ఈలోగా ఇంటి దగ్గర చెయ్యడానికి ఒక పని. పాత ఇనుము కొట్టులో రాజ్‌దూత్‌దో యెజ్డీదో ట్యాంకు ఒకటి కొను. బయటి నుంచి సుత్తి వాడకుండా, చిన్న సొట్ట ఒక్కటి తియ్యడానికి ప్రయత్నించు. లోపలికి చెయ్యి పట్టదు, కాబట్టి మూతి గుండా దూరేలా ఇనప కడ్డీ వంచి నువ్వే పనిముట్టు చేసుకోవాలి. ఒక్క సొట్టకి నాకు మొదటిసారి నాలుగు రోజులు పట్టింది. చిల్లు ఉంటే మాత్రం వెల్డింగ్ జోలికి పోకు. ఖాళీ ట్యాంకులో పెట్రోలు కనిపించకపోయినా ఆవిరి ఉంటుంది, నిప్పు తగిలితే బాంబులా పేలుతుంది. అలాంటిది నా దగ్గరికి పట్టుకురా. సబ్బునీళ్లతో కడిగి, చిల్లు అంచు దాకా నీళ్లు నింపి, ఎలా అతకాలో నీ ఎదుటే చేసి చూపిస్తాను.